మందు నోట్లోనా, చేతుల్లోనా?

రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలంలో చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చే ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. ఇంటి పెద్దది ఒకటి: కడుపునొప్పి, వస పట్టియ్యి, ఓమనీళ్ళు తాపు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోని ఏఎన్ఎంది ఇంకొకటి: ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు. రెండూ బిడ్డ మేలు కోరేవే అయినా ఒకదానికొకటి పొసగవు. వాటిని ఎదురెదురుగా కూర్చోబెట్టి రాసిన సంవాదం ఇది. మాట్లాడేవాళ్ళు కల్పితులు, మాట్లాడే సంగతులు నిజం. బిడ్డకు ఏడు వారాలు. తండ్రి దుబాయ్‌లో, బాలింత తల్లిగారింట్లో. ఏఎన్ఎంను ఊరు పిలిచినట్టే నర్సమ్మ అందాం. బిడ్డ అమ్మమ్మను నర్సమ్మ పిలిచినట్టే అవ్వ అందాం.

అవ్వ: మంచి యాళ్ళకొచ్చినవ్ బిడ్డా. మీరు తొడకు సూది ఇచ్చిన కాడికెల్లి మా మనుమడు పానం తీత్తాండు. పొద్దంత మంచిగనే తాగుతడు, పంటడు. లైట్లేసే యాళ్ళకు షురువైతది. కాళ్ళు పొట్టకు ముడుసుకుంటడు, పిడికిళ్ళు బిగవడ్తడు, మొకం ఎర్రగ కందుతది. రాత్రి తొమ్మిది దాటిందాక ఒక్కతీరుగ ఏడుసుడే. ఇది కడుపునొప్పి గాకపోతె ఇంకేంది?

నర్సమ్మ: సూది ఇచ్చిన రోజు, మర్నాడు జరంతోటి ఏడుస్తడు అవ్వా, అది నిజమే. కానీ వారం దాటినంక గూడ రోజూ మాపటీలి ఏడుస్తుండంటే అది సూది పని కాదు. సూది ఆరో వారంల వడ్తది. పిల్లల ఏడుపు గూడ ఆరో వారానికే మస్తు ఎక్కువైతది. రెండు ఒక్కసారే వచ్చినయి కాబట్టి నింద సూది మీద పడ్డది. అమెరికాల బ్రాజెల్టన్ అని ఒక పిల్లల డాక్టరు ఉండె. ఆయన 80 మంది పిల్లల తల్లులతోటి రోజూ ఏడుపు లెక్క రాయించి 1962ల అచ్చేసిండు. రెండో వారం కాడికెల్లి పెరుగుకుంట పోయి, ఆరో వారానికి రోజుకు మూడు గంటల దగ్గరికి వచ్చింది. అటెన్క దిగింది. అందుల ఎక్కువ ఏడుపు మాపటీలిదే. ఇప్పుడు మనం ఆరో వారంల ఇచ్చే టీకాల్ల చాలా మట్టుకు అప్పటికి రానే లేదు.

అవ్వ: ఏడుపుకు గూడ లెక్కలు రాత్తరా?

నర్సమ్మ: రాస్తరు. దీన్ని డాక్టర్లు కోలిక్ అంటరు. 1954ల వెసెల్ అనే డాక్టరు ఒక కొలత పెట్టిండు. మంచిగ తాగి, బరువు పెరిగే పిల్ల రోజుకు మూడు గంటల కంటే ఎక్కువ, వారంల మూడు రోజుల కంటే ఎక్కువ, మూడు వారాల కంటే ఎక్కువ ఏడిస్తే అది కోలిక్. ఇప్పటి డాక్టర్లు గంటల లెక్క మీద అంత పట్టు పట్టరు. ఏ రోగం లేకుంట, కారణం కండ్లకు కనవడకుంట, మాటిమాటికి చాలాసేపు ఏడిస్తే చాలు అంటరు. అయిదుగురిల ఒక పిల్లకు ఉంటది. ఆడపిల్లకు, మొగపిల్లగానికి, తల్లిపాలు తాగెటోళ్ళకు, డబ్బాపాలు తాగెటోళ్ళకు ఒక్కతీరుగనే వస్తది. పట్నంల ఉంటది, పల్లెల ఉంటది.

అవ్వ: పేరు మీరేమన్న పెట్టుకోండ్రి. కాళ్ళు ముడిసిండంటె కడుపే. పొట్ట మీద సెయ్యేసి సూత్తె గట్టిగ తాకుతది. ఏడ్సి ఏడ్సి పిత్తులు పోతడు, గప్పుడు సల్లవడ్తడు. గాలి పట్టిందని సెప్పుటానికి మీ మిషిన్లు గావాల్నా?

నర్సమ్మ: చీమ కుట్టినా కాళ్ళు ముడుస్తడు అవ్వా. ఆకలైనా, చలి పెట్టినా, పక్కబట్ట తడిసినా ముడుస్తడు. ఏడ్చేటప్పుడు పొట్ట బిగవట్టుడు పసిపిల్లలందరికీ ఉన్నదే. గాలి ఉన్నది, కాదనను. అయితే అది ముందుగాల వచ్చిందా, ఎన్క వచ్చిందా సూడు. నోరు తెరిచి గంట సేపు ఏడిస్తే గాలి మింగుడు గాక ఏమైతది? ఆ మింగిన గాలే పిత్తై పోతది. గాలితోటి ఏడుపు వచ్చిందని నువ్వంటున్నవ్, ఏడుపుతోటి గాలి వచ్చిందని నేనంటున్న.

అవ్వ: మరి అసలు ఏడుపు ఎందుకొచ్చింది? అది సెప్పు.

నర్సమ్మ: ఇదే కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. పేగులల్ల మేలు చేసే సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోలేదని కొందరంటరు. పొద్దంత చూసిన వెలుగు, విన్న చప్పుడు మాపటీలికి ఆ చిన్న మెదడుకు భారమైతయని ఇంకొందరంటరు. తల్లికి ఒంటి తలనొప్పి ఉంటే పిల్లకు కోలిక్ వచ్చుడు ఎక్కువని గూడ చూసిండ్రు. కొద్దిమందికి మాత్రం ఆవు, బర్రె పాల పడిక ఉండదు. వాళ్ళకు దొడ్డికిల రక్తం, జిగట కనవడ్తయి.

అవ్వ: కారణం తెల్వదని నీ నోటితోనే అన్నవ్. తెల్వనోళ్ళు మా మందును ఎట్ల కాదంటరు? నా సేతులమీద ఈ వాడకట్టుల పిల్లలు ఎందరు సాగిండ్రో అడుగు. వస కొమ్ము కాల్సి, సాన మీద అరగదీసి, తల్లిపాలల్ల రంగరించి నాలిక మీద రాత్తె మూడో నెల వడెటాల్లకు ఒక్కడన్న ఏడిసిండా?

నర్సమ్మ: మూడో నెల అని నువ్వే అన్నవ్. వస రాసినా, రాయకపోయినా మూడు నాలుగు నెలలకు ఆగిపోయే ఏడుపు అది. వాన ఎలిసే యాళ్ళకు గొడుగు పట్టి, నా గొడుగే వానను ఆపిందన్నట్టున్నది నీ మాట.

అవ్వ: గట్లయితె మీ దవఖానోళ్ళు రాసిచ్చే సుక్కల మందులు గూడ గొడుగులే గదా?

నర్సమ్మ: ఈ మాట మంచిగ పట్టుకున్నవ్. అవి గూడ అంతే. సిరిసిల్లల, వేములవాడల ఏ మెడికల్ షాపుకు పోయి కడుపునొప్పి అన్నా ఒక సీస చేతిల పెడ్తరు. అందుల కొన్ని సిమెథికోన్ చుక్కలు. కడుపుల గాలి బుడగలు పలుగగొడ్తయని అమ్ముతరు. పరీక్ష పెట్టి చూస్తే మందులేని ఉత్త చుక్కల కంటే అవి ఎక్కువ పని చెయ్యలే. డైసైక్లోమిన్ అని ఇంకోటి ఉన్నది. అది నిజంగనే ఏడుపు ఆపుతది, భయమంత అక్కడనే ఉన్నది. కొందరు పసిపిల్లలకు ఊపిరి ఆగింది, ఫిట్స్ వచ్చినయి. అందుకే ఆరు నెలల్లోపు పిల్లలకు అది ఇయ్యనే వద్దు. షాపాయన ఇచ్చిండని తాపకు, ఇంట్ల పెద్ద పిల్లకు మిగిలిందని తాపకు. 2025ల మధ్యప్రదేశ్ ఛింద్వాడాల ఏమైందో టీవీల సూడలేదా? దగ్గు మందు తాగిన పిల్లల కిడ్నీలు పాడై పానాలు పోయినయి. ఆ మందుల డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం బయటవడ్డది. సీస మీద పిల్ల బొమ్మ ఉన్నంత మాత్రాన పిల్లకు మంచిదని కాదు.

అవ్వ: మరి గ్రైప్ వాటర్? టీవీల అమ్మమ్మలు సుత సెప్తరు. నా బిడ్డకు తాపిన, నా బిడ్డ ఇగో గింత పెద్దదైంది.

నర్సమ్మ: దాని పుట్టుక చెప్తే నవ్వుతవ్. 1851ల ఇంగ్లండు నాటింగ్‌హామ్ ఊర్ల విలియమ్ వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి మొదలువెట్టిండు. అందుల సోయికూర గింజల నూనె, సోడా, చక్కెర, నీళ్ళు, వాటితోటి ఇంత సారా సుక్క గూడ ఉండేది. వంద ఏండ్లకు పైన గట్లనే నడిచింది. ఇప్పటి సీసలల్ల సారా లేదు, 1990లల్ల తీసేసిండ్రు. పిల్లలు ఎందుకు సల్లవడ్డరో ఇప్పుడు నువ్వే చెప్పు.

అవ్వ: సారా తాపి పండవెట్టిండ్రన్నట్టు! మా మామ గూడ గంతే. ఈతకల్లు ఏలుకు అద్ది నాకిచ్చేటోడు. పోరడు పొద్దు పొడిసినా లేవకపోయేది.

నర్సమ్మ: లేవలేదంటే మత్తు ఎక్కిందని. నొప్పి పోయిందని కాదు. జాజికాయ అరగదీసి పెట్టినా ఆ మత్తే. ఇప్పటి కల్లుల ఏమేం కలుపుతున్నరో నీకు తెల్వనిది కాదు.

అవ్వ: కల్లు వద్దు, జాజికాయ వద్దు, సరే. వస ఏం పాపం సేసింది? ఎన్కటి నుంచి పోత్తాన్నం. వస పోత్తెనే మాటలు తొందరగ వత్తయి.

నర్సమ్మ: మాటలు వినేటోళ్ళుంటే వస్తయి, వసతోటి రావు. వస నూనెల ఆసరోన్ అనే పదార్థం ఉంటది. ఆ నూనె పెట్టిన ఎలుకలకు గడ్డలు లేచినయని 1968ల అమెరికా సర్కారు వసను తిండి వస్తువుల్ల కలపొద్దని ఆపింది. అది అట్లుంచు. ఇగో ఈ సాన సూడు. పొద్దుగాల దీని మీద ఏం అరగదీసినవ్?

అవ్వ: నా మోకాళ్ళకు శొంఠి.

నర్సమ్మ: అటెన్క చెంబుల నీళ్ళు పోసి తుడిచినవ్, మాపటీలి అదే సాన మీద వస. ఏలు దాని మీద రాసి పోరని నాలిక మీద పెట్టినవ్. ఆ ఏలుతోనే అంతకుముందు బర్రెకు కుడితి కలిపినవ్. తల్లి రొమ్ముల పాలకు దుమ్ము తాకది, ఈగ వాలది. నువ్వు రంగరించిన దాంతోటి మాత్రం ఏమేం లోపలికి పోతయో తెల్వది. ఓమనీళ్ళు, సోపునీళ్ళు గూడ అంతే. సోపుతోటి కొంత ఏడుపు తగ్గిందని చిన్న చిన్న పరీక్షలల్ల వచ్చింది, కాదనను. కానీ ఆ చిన్న పొట్టల రెండు చెంచాల నీళ్ళు నిండితే రెండు చెంచాల పాలు తగ్గుతయి. రొమ్ము తాగుడు తగ్గితే పాలు వచ్చుడు తగ్గుతది. తేనె అయితే ఏడాది దాక ముట్టియ్యనే వద్దు. అందుల బొటులిజమ్ అనే రోగం గింజలు ఉండొచ్చు. పెద్దోళ్ళకు ఏం కాదు, పసిపిల్లకు కాళ్ళు చేతులు పడిపోయి ఊపిరి ఆగుతది.

అవ్వ: అన్నీ వద్దు వద్దే. మరి తల్లి తిండి సంగతేంది? నేను దానికి పప్పు పెడ్తలేను, వంకాయ పెడ్తలేను, పండ్లు పెడ్తలేను. ఎల్లిపాయ కారం, అన్నం. అది పప్పు తింటె వీనికి గాలి పడ్తది.

నర్సమ్మ: అందుకే నీ బిడ్డ మొకం పాలిపోయి ఉన్నది. పప్పు తిన్న తల్లి పేగులల్ల గాలి పుడ్తది. గాలి రక్తంల కలిసి పాలల్లకు రాదు. దొడ్డికిల రక్తం పడ్డప్పుడు డాక్టరు చెప్పితే పాలు, పెరుగు కొన్నాళ్ళు ఆపాలె, గంతే. అది లేనప్పుడు పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అన్నీ పెట్టు. రోజూ పాలు చేసే ఒంటికి కారమన్నంతోటి ఏం బలం వస్తది?

అవ్వ: నా మాట గూడ ఇను ఇగ. నువ్వు నోట్లె ఏం పొయ్యద్దంటివి. మందు లేదంటివి. మూడు నెల్లకు అదే పోతదంటివి. సైకిల్ మోటరెక్కి నువ్వు పోతవ్. రాత్రి ఈ ఇంట్ల ఉండేది ఎవలు? నా బిడ్డ పొద్దంత బీడీలు సేత్తది. మొన్ననే మళ్ళ సాట ముందట కూసున్నది, నెలకు లెక్క తక్కువైతె కార్కాన కాడ మాట వడాలె. మాపటీలి అల్లుడు దుబాయ్ నుంచి వీడియో కాల్ సేత్తడు. పోరని ఏడుపు ఇని, పాలు సాలుతలెవ్వేమో డబ్బాపాలు తెప్పియ్యి అంటడు. వియ్యపురాలు ఫోను సేసి, మా ఇంట్ల ఎవల పిల్లలు గిట్ల ఏడువలే అంటది. మొన్న రాత్రి పిలగాని తొట్టెల పక్కకు ఇది కూసోని గోడకు తల కొట్టుకున్నది. నేను వస ఎందుకు అరగదీసిన్నో తెలుసా? పోరని కోసమే గాదు. ఏదో ఒకటి సేత్తాన్నమని ఆ పిల్లకు ధైర్యం ఇయ్యడానికి. ఏం లేదు, ఊకుండుమని సెప్పుడు అల్కగనే ఉంటది. ఊకుండుడు ఎవలతోనైతది?

నర్సమ్మ: ఈ మాటకు నేను ఎదురు చెప్పలేను అవ్వా. మేము చేసే తప్పు ఇదే. బరువు చూస్తం, కార్డు మీద చుక్క పెడ్తం, పిల్ల మంచిగున్నది పో అంటం. పిల్ల మంచిగనే ఉన్నది, తల్లి ఎట్లున్నదని అడుగం.

అవ్వ: మరి అడుగు.

నర్సమ్మ: అడుగుత. గోడకు తల కొట్టుకున్నదంటే అది చిన్న ముచ్చట కాదు. బాలింతకు ఊకె ఏడుపు వచ్చుడు, పిల్లను సూడబుద్ధి కాకపోవుడు, సచ్చిపోవాలె అనిపించుడు జబ్బే, గయ్యాళితనం కాదు. దానికి మందున్నది, మాట సాయమున్నది. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులనే మాట్లాడ్తరు, పైసలు గావు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. నేను గూడ ఇయ్యాల్నే డాక్టరమ్మకు చెప్త. ఇంకోటి, తల్లికి కోపం మీదికి వస్తే పిల్లను తొట్టెల పండవెట్టి అయిదు నిమిషాలు బయటికి పొమ్మను. ఏడిస్తే పిల్లకు ఏం కాదు. కోపంల భుజాలు పట్టి ఊపితే మాత్రం మెదడుల రక్తం చిట్లి సస్తడు, లేకుంటే జీవితమంత గుడ్డితనమో ఫిట్సో మిగులుతయి. దేశం ఏదైనా పిల్లలను అట్ల ఊపుడు ఎక్కువ జరిగేది ఈ ఏడుపు దినాలల్లనే.

అవ్వ: తొట్టెల ఊపద్దా మరి?

నర్సమ్మ: తొట్టెల మెల్లగ ఊపు, ఎంతసేపన్న ఊపు. తల ఇటు అటు కొట్టుకునేటట్టు చేతులతోటి ఊపుడు వద్దంటున్న. అసలు నీ దగ్గర ఉన్న పెద్ద మందు నువ్వు లెక్కనే పెడ్తలేవు.

అవ్వ: ఏంది?

నర్సమ్మ: నీ చేతులు. కెనడాల మాంట్రియల్ పట్నంల 1986ల 99 మంది తల్లీపిల్లలను రెండు జట్లు చేసిండ్రు. ఒక జట్టు తల్లులకు, పిల్ల ఏడ్చినా ఏడువకపోయినా రోజూ ఇంకా ఎక్కువసేపు ఎత్తుకోండ్రని చెప్పిండ్రు. మూడో వారం కాడికెల్లి మొదలువెట్టిండ్రు. ఆరో వారానికి ఆ జట్టు పిల్లల ఏడుపు 43 శాతం తక్కువున్నది. మాపటీలి ఏడుపు సగానికి సగం తగ్గింది. ఆఫ్రికాల కలహారి ఎడారిల కుంగ్ శాన్ అనే జాతి ఉన్నది. వాళ్ళు పిల్లను పొద్దంత ఒంటికి కట్టుకునే తిరుగుతరు, ఏడ్చినప్పుడల్ల పాలిస్తరు. వాళ్ళ పిల్లలకు గూడ మొదటి నెలలల్ల ఏడుపు పెరుగుడు, తగ్గుడు ఉన్నది. అంటే అది పుట్టుకతోటి వచ్చింది. అయితే ఏడుపు మొదలైనంక ఆగేది తొందరగ.

అవ్వ: సంకల ఉంటె ఏడువడు. దీనికి కెనడా పోవాల్నా? మా అవ్వ సెప్పేది.

నర్సమ్మ: మీ అవ్వ చెప్పిందాంట్ల ఒకటే తక్కువున్నది. ఎత్తుకునుడు ముందు నుంచి అలవాటుంటే ఏడుపు తగ్గుతది. కోలిక్ పట్టినంక ఎంత ఎత్తుకున్నా గంటలు పెద్దగ తగ్గలేదని తర్వాత అదే డాక్టర్లు చూసిండ్రు.

అవ్వ: తగ్గకపోతె ఏమాయె? నేను ఎత్తుకున్న గంట సేపు నా బిడ్డ ఇంత తిని నడుం వాలుత్తది గదా.

నర్సమ్మ: అదే మందు అంటున్న. నువ్వొక గంట, మీ చిన్న కొడుకొక గంట, పక్కింటామె ఒక గంట. మూడు గంటల ఏడుపు నలుగురు పంచుకుంటే ఒక్కదాని నెత్తిన పడది. ఇగో, వీణ్ని ఇట్ల పట్టుకో. నీ ముంజేతి మీద బోర్ల పండవెట్టు. తల నీ మోచేతి మడతల, కాళ్ళు రెండు దిక్కుల. అరచెయ్యి రెండు తొడల నడుమ. ఇంకో చెయ్యి వీపు మీద. ఇట్లనే ఇంట్ల అటు ఇటు తిరుగు. నిద్ర వోయినంక ఎల్లెలుకల పండవెట్టు, బోర్ల పండవెట్టకు.

అవ్వ: నేను కాళ్ళ మీదేసుకొని పొట్టకు నూనె రాత్త గదా, అది వద్దా?

నర్సమ్మ: అదీ మంచిదే. గోరువెచ్చని నూనె, గోర్లు తీసిన ఏళ్ళు, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కు మెల్లగ రాయి. పాలు తాగి అరగంట దాటినంక రాయి. ముక్కులల్ల, చెవులల్ల మాత్రం నూనె పొయ్యకు. పొట్ట పిసకకు. పాలు తాగినంక భుజం మీదేసుకొని తేన్పు వచ్చిందాక వీపు నిమురు. జోలపాట పాడు. గది చీకటి చెయ్యి, టీవీ బందు పెట్టు. ఊదు పొగ మాత్రం వద్దు. బీడీ సాట గూడ ఈ గదిలకెల్లి తియ్యి. తంబాకు దుమ్ము, ఇంట్ల మగోళ్ళ బీడీ పొగ రెండు పిల్లకు పడవు. పొగ తాగే ఇండ్లల్ల కోలిక్ ఎక్కువని చాలా సార్లు తేలింది. నీ బిడ్డను సబ్బుతోటి చేతులు, రొమ్ము కడుక్కొని, పని చీర మార్చుకొని పాలియ్యమను.

అవ్వ: సాట అర్రల పెట్టిత్త. ఇంకొకటి అడుగుత. మా అత్త కాలంల గిట్లనే ఏడిత్తె పొట్ట మీద సురుకులు పెట్టేది. నేను పెట్టలే, పెట్టనియ్యలే. మొన్న ఒక ముసలాయన వచ్చి పెట్టియ్యుమన్నడు.

నర్సమ్మ: పెట్టనియ్యకపోతివి, నీ కాళ్ళు మొక్కుత. 2023 ఫిబ్రవరిల మధ్యప్రదేశ్ శహడోల్ జిల్లాల మూడు నెలల ఆడపిల్లకు ఊపిరి ఆడుతలేదని పొట్ట మీద కాల్చిన ఇనుపకడ్డీతోటి యాభై దాక వాతలు పెట్టిండ్రు. ఆ పిల్లకున్నది న్యుమోనియా. దవఖానకు వచ్చెటాల్లకు ఆలస్యమైంది, చచ్చిపోయింది. కాల్చితే నొప్పి పోదు, చూసే యాళ్ళ పోతది. ఇక్కడ గాని ఎవలన్న కడ్డీ పట్టుకుంటే నాకు ఫోను చెయ్యి.

అవ్వ: అసలు నా గుండెల దడ అదే బిడ్డా. అన్ని ఏడుపులు కోలిక్కే అనుకొని ఇంట్ల కూసుంటె, నిజంగ రోగమున్న ఏడుపును ఎట్ల గుర్తువట్టాలె? నువ్వు మూడు నెల్లు ఓపికవట్టుమంటవ్, ఆ ఓపికల పిల్ల పోతె?

నర్సమ్మ: ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఎన్కటోళ్ళు గూడ దీన్నే అడిగిండ్రు. కాశ్యప సంహిత అని పిల్లల వైద్యం మీద పాత సంస్కృత పుస్తకం ఉన్నది. దాంట్ల వేదనాధ్యాయమని ఒకటి ఉన్నదట. మాట రాని పిల్ల నొప్పిని ఎట్ల చెప్తదో రాసిండ్రు. కడుపునొప్పి ఉన్న పిల్ల రొమ్ము వదిలేస్తది, ఎల్లెలుకల పండి ఏడుస్తది, పొట్ట బిగుస్తది, పెయ్యి సల్లవడ్తది, మొకం మీద చెమట పడ్తది అని. నువ్వు మొదటి గుర్తు సూడు, రొమ్ము వదిలేసుడు. వీడు వదిలిండా?

అవ్వ: లేదు. ఏడుపు ఆపినంక గుటగుట తాగుతడు.

నర్సమ్మ: అది ఒక ధైర్యం. రెండోది బరువు. తక్కెడ గుడ్డల వీణ్ని పండవెట్టు. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు. ఇయ్యాల సరిగ్గ 4 కిలోలు. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలె, వీడు పెరిగిండు. ఇగో కార్డుల గీత పచ్చ రంగుల్నే ఉన్నది. రోజుకు ఆరు సార్లకు తక్కువ కాకుండ ఉచ్చ పోస్తుండా?

అవ్వ: పది బట్టలు ఉతుకుతాన్న.

నర్సమ్మ: మరి పాలు సాలుతున్నట్టే. డబ్బాపాల ముచ్చట అల్లునితోటి నేను మాట్లాడ్త. ఇప్పుడు ఆగద్దన్న గుర్తులు చెప్త, ఒక్కొక్కటి గుర్తు పెట్టుకో. మూడు నెలల్లోపు పిల్లకు పెయ్యి కాలుతుంటే, థర్మామీటరు మీద 100.4 దాటితే, అది ఏ జరమైనా సరే అదే రోజు దవఖాన. పచ్చగ, ఆకు రసం తీరుగ కక్కితే పేగు మెలిపడ్డదేమో అనుకోవాలె, గంట గూడ ఆగద్దు. దొడ్డికిల రక్తం పడితే ఆగద్దు. పొట్ట ఉబ్బి రాయి లెక్క ఉంటే, పిత్తు గూడ పోకుంటే ఆగద్దు. గజ్జలల్ల, బుడ్డల కాడ గడ్డ లేచి లోపలికి పోకుంటే పేగు ఇరికిందన్నట్టు.

అవ్వ: ఇంకా?

నర్సమ్మ: మాడు ఉబ్బినా, లోపలికి గుంజుకపోయినా. రొమ్ము ముట్టకుంటే. పిలిచినా లేవకుండ మందంగ పడుంటే. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకలు లోపలికి పోతుంటే. ఏడుపు ఎప్పటితీరుగ గాక సన్నగ, పిల్లి కూసినట్టు వస్తే. అయిదారు నెలలు దాటిన పిల్ల మంచిగుండి ఉండి ఒక్కసారే కెవ్వుమని కాళ్ళు ముడిచి, పది పదిహేను నిమిషాలు సల్లవడి, మళ్ళ కెవ్వుమంటే పేగుల పేగు చొచ్చుకున్నదేమో చూడాలె. ఆ ఈడుల కొత్తగ వచ్చిన ఏడుపును కోలిక్ అని ఎవ్వరు అనరు. ఇంకోటి, పిల్ల ఎప్పుడు ఏడ్వనంత ఏడిస్తే బట్టలన్నీ ఇప్పి, కాళ్ళ చేతుల ఏళ్ళ నడుమ సూడు. తల్లి వెంట్రుక చుట్టుకొని ఏలు నల్లవడ్తది ఒక్కోసారి.

అవ్వ: అది నేను చూసిన! మా మరదలు పిల్లకు. కత్తెరతోటి తీసినం. మరి రాత్రి అయితె యాడికి పోవాలె?

నర్సమ్మ: పొద్దుగాల అయితే కోనరావుపేట పీహెచ్‌సీ. రాత్రి అయితే 108కు ఫోను చెయ్యి, వేములవాడ తిప్పాపూర్ ఏరియా దవఖానకో, సిరిసిల్లకో తీసుకపోతరు. 2023ల సిరిసిల్లల మెడికల్ కాలేజి వచ్చినంక పిల్లల డాక్టరు కోసం కరీంనగర్ దాక ఉరుకుడు తగ్గింది. ఆర్‌ఎంపీ కాడ సూది వేయించి పొద్దుగాల సూద్దాం అనుకోకు.

అవ్వ: దవఖానల చేర్చితె మందే రాత్తరు గదా? ఇప్పటిదాక మందు లేదంటివి.

నర్సమ్మ: కోలిక్‌కు మందు లేదన్న, రోగానికి మందు లేదనలే. కోలిక్‌కు గూడ ఒకటి కొంత పనిచేసింది. లాక్టోబాసిల్లస్ రియుటెరి అని మేలు చేసే సూక్ష్మజీవుల చుక్కలు. తల్లిపాలు తాగే పిల్లల ఏడుపు వాటితోటి కొంత తగ్గిందని 2018ల నాలుగు పరీక్షలను కలిపి చూసి చెప్పిండ్రు. డబ్బాపాల పిల్లల సంగతి తేలలేదు. అది గూడ డాక్టరు చూసి ఇయ్యాలె, షాపుల అడిగి తెచ్చుకునేది కాదు.

అవ్వ: సరే బిడ్డా. వస కొమ్ము మీద పెట్టేత్త. దిట్టి మాత్రం తీత్త, ఉప్పు మిరపకాయ పొయ్యిల ఏత్త. దానికి గూడ అడ్డమొత్తవా?

నర్సమ్మ: నోట్లకు పోనిది, పెయ్యి కాల్చనిది, పొగ పెట్టనిది ఏదైనా చేసుకో. మిరపకాయలు బయటి పొయ్యిల ఎయ్యి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంటవా, మొక్కుకో. నాలుగో నెల నిండినంక పోయి కట్టు, అప్పటికి ఏడుపు ఉండది. పేరు మాత్రం రాజన్నకు పోతది, నాకు రాదు.

అవ్వ: నీ పేరు గూడ సెప్త తియ్యి. అయితె ఒక షరతు. వారానికి ఒక్కసారన్న వచ్చి పిల్లనొక్కటే గాదు, నా బిడ్డను గూడ అడుగాలె.

నర్సమ్మ: వస్త. ఆశా గూడ వస్తది. నేను రాకుంటే నువ్వే ఫోను చేసి తిట్టు.

ఈ వాదంలో ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ కొంత వదులుకున్నారు. నోటి విషయంలో నర్సమ్మది పైచేయి: ఆరు నెలల దాకా తల్లిపాలు, డాక్టరు చూసి ఇచ్చిన మందు తప్ప పసిపిల్ల నాలుక మీదికి ఏదీ పోగూడదు. చేతుల విషయంలో అవ్వది పైచేయి: రోగం లేని ఏడుపును ఓర్చుకోవడానికి ఎత్తుకునే మనుషులు కావాలి, ఆ మనుషుల్ని ఏ షాపులోనూ అమ్మరు. ఇక ఇంట్లో మిగతావాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో ఏడో వారం పిల్ల ఉంటే ఈ రోజు మాపటీలి ఒక గంట మీరు ఎత్తుకోండి, తల్లిని పడుకోనివ్వండి. పచ్చగా కక్కినా, రక్తం పడ్డా, జ్వరం వచ్చినా, రొమ్ము ముట్టకపోయినా ఎవరి మాటా వినకుండా 108కు ఫోన్ చేయండి. ఇవేవీ లేకుండా బరువు పెరుగుతున్న పిల్ల ఏడుపు మూడు నాలుగు నెలలకు తనంతట తానే ఆగుతుంది.